సీల్ పిల్ల ఒడ్డున ఒంటరిగా ఏడుస్తూ కనిపిస్తే ఏం చేయాలి? తల్లి నిజంగానే వదిలేసి పోయిందా?

మీరు అడిగింది ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. ఆగస్టులో ఒక ఆదివారం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని సియాటెల్ దగ్గర బీచ్‌కి వెళ్ళారు. గులకరాళ్ళ మీద మీటరు పొడవు కూడా లేని పిల్ల ఒకటి ఒంటరిగా పడుకుని అరుస్తోంది. కళ్ళ చుట్టూ తడి. "ఏడుస్తోందిరా, కాసిని నీళ్ళన్నా పొయ్యి" అన్నారు మీ అమ్మగారు. మీరు సీసా మూత తీసేలోపే ఒకావిడ పరుగెత్తుకొచ్చి దగ్గరికి రావొద్దని కసిరింది. ఆవిడ చేసింది సరైనదేనా, మనిషి ముట్టుకుంటే తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వదన్నది నిజమా, అసలది సీలా సీ లయనా, అమ్మానాన్న వెళ్ళేలోపు వీటిని ఎక్కడ చూపించొచ్చు అని మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పేస్తాను. ఆవిడ చేసింది సరైనదే. మీరు చూసింది హార్బర్ సీల్ పిల్ల. సీల్ అంటే సముద్రంలో వేటాడి, ఒడ్డుకొచ్చి పడుకునే క్షీరదం, కాళ్ళు తెడ్డు రెక్కల్లా ఉంటాయి. చాలావరకు ఇలాంటప్పుడు తల్లి వదిలేసి పోదు, వేటకు వెళ్తుంది. నీళ్ళు పోయకూడదు, తిండి పెట్టకూడదు, సముద్రంలోకి నెట్టకూడదు, దుప్పటి కప్పకూడదు. 100 గజాల దూరం జరిగి, ఒడ్డున పడిన సముద్ర జంతువుల్ని చూసుకునే స్ట్రాండింగ్ నెట్‌వర్క్ హాట్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా కుక్కల్నీ జనాన్నీ అటు పోనివ్వకుండా చూడటమే మీరు చేయగలిగింది. కసరకుండా చెప్పాల్సింది, అది నిజమే. ఆవిడ తరఫున నేను సర్దిచెప్పుకుంటాను. ఎండలో ఆరు గంటలు నిలబడి, ముప్పయ్యోసారి అదే మాట చెప్పేటప్పటికి నా గొంతు కూడా అలాగే లేచిన రోజులున్నాయి.

నా సంగతి రెండు ముక్కలు. మాది అంతర్వేది దగ్గర ఊరు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పదకొండేళ్ళుగా వేసవి శని, ఆదివారాలు ప్యూజెట్ సౌండ్ (సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ) తీరంలో వాలంటీరుగా కాపలా కాస్తున్నాను. పశువుల డాక్టర్ని కాను. సీల్‌కి సూది వేయడం నాకు రాదు. ఒడ్డున పడుకున్న పిల్లకీ దాని చుట్టూ మూగే జనానికీ మధ్య నిలబడటం మాత్రం బాగా వచ్చు. అందుకే కింద రాసేదంతా ఆ నిలబడిన చోటు నుంచే.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి నేను ఒకే పోలిక చెప్తాను. నాట్లకు వెళ్ళిన తల్లి చెట్టు కొమ్మకి చీర ఉయ్యాల కట్టి, పసిపిల్లను అందులో పడుకోబెట్టి మడిలోకి దిగుతుంది. దారినపోయే మనిషి ఉయ్యాల చూసి "అయ్యో, ఎవరో బిడ్డను వదిలేసి పోయారు" అని ఎత్తుకుపోతే ఎలా ఉంటుంది? మంచిమనసే. కానీ సాయంత్రం తల్లి గట్టెక్కి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీ. మీ అమ్మగారికి ఈ మాట చెప్పి చూడండి, వెంటనే అర్థమవుతుంది. మా అమ్మకి అలాగే అర్థమైంది.

హార్బర్ సీల్ తల్లికి ఆ గులకరాళ్ళ ఒడ్డే చెట్టుకొమ్మ. పిల్ల పుట్టిన గంటల్లోనే ఈదగలదు, కానీ తల్లితో సమానంగా లోతుకి మునిగి చేప పట్టలేదు, చల్లటి నీళ్ళలో ఎక్కువసేపు ఉండలేదు. పుట్టినప్పుడు పది, పన్నెండు కిలోలుంటుంది. ఒంటి మీద కొవ్వు ఇంకా పట్టదు. ఇక్కడి నీళ్ళు ఎండాకాలంలో కూడా ఎంత చల్లగా ఉంటాయో కాలు పెట్టి చూసే ఉంటారు. అందుకని పిల్లని ఒడ్డున పడుకోబెట్టి తల్లి కొన్ని గంటలు వేటకు పోతుంది, ఒక్కోసారి పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కూడా. ఇలా పాలిచ్చి పెంచేది నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ కొద్ది రోజుల్లో పిల్ల బరువు రెట్టింపవుతుంది.

ఇప్పుడు మీ అమ్మగారు చూసిన కన్నీళ్ళ సంగతి. మనకి కంటి మూల నుంచి ముక్కులోకి ఒక సన్నటి కాలువ ఉంటుంది, కంట్లో ఊరే నీరు అటు దిగిపోతుంది. సీల్‌కి ఆ కాలువ లేదు. ఊరిన నీరంతా చెంపల మీదికే. కళ్ళ చుట్టూ తడి వలయం ఉందంటే ఒంట్లో నీరు సరిపడా ఉందని అర్థం. మేము దుర్భిణి పెట్టి మొట్టమొదట చూసేది ఆ వలయాన్నే. అది ఆరిపోయి కనిపిస్తేనే మాకు గుబులు. అంటే మీ అమ్మగారిని బాధపెట్టిన ఆ తడే పిల్ల బాగుందనడానికి గుర్తు.

"మా" అన్న అరుపు కూడా అంతే. మేకపిల్ల అరిచినట్టు "మా...ఆ" అని సాగదీస్తుంది. మన భాష వచ్చినవాడికి అది వినగానే గుండె కలుక్కుమంటుంది, నాకూ మొదటి ఏడాది అలాగే ఉండేది. పెద్ద సీళ్ళు దాదాపు నోరు మెదపవు, పిల్లలే అరుస్తాయి. తల్లి ఆ గొంతునీ వాసననీ పట్టుకుని వచ్చి తన పిల్లను గుర్తుపడుతుంది. అది ఏడుపు అనుకునే కంటే, ఉన్న చోటు చెప్పే కేక అనుకోండి. ఇంకోటి, తలా తోకా పైకెత్తి అరటిపండులా వంగి పడుకున్న సీల్‌ని చూసి నడుం విరిగిందని కూడా ఫోన్లు వస్తాయి. అది హాయిగా ఉన్నప్పుడు పడుకునే తీరు. తలా, వెనక రెక్కలూ తడవకుండా వెచ్చగా ఉంచుకుంటుంది.

నీళ్ళెందుకు పోయకూడదంటే, అది ఒడ్డుకి వచ్చిందే ఆరి వెచ్చబడటానికి. తిమింగలంలా, డాల్ఫిన్‌లా ఒడ్డున పడితే ఎండిపోయి చచ్చే జంతువు కాదు. సగం జీవితం నేల మీదే. నీళ్ళు పోస్తే చలికి వణికే పసిపిల్ల నెత్తిన చెంబుడు నీళ్ళు కుమ్మరించినట్టే. తాగడానికి కూడా అక్కర్లేదు. తిండిలో నుంచే దానికి కావలసిన నీరు దొరుకుతుంది.

పాలు పట్టబోయినవాళ్ళనీ చూశాను. ఒక పెద్దాయన కారులోంచి పాల డబ్బా తెచ్చాడు, పాపం. ఆవు పాలలో వెన్న నూటికి నాలుగు పాళ్ళు, మన గేదె పాలలో ఏడు. హార్బర్ సీల్ తల్లి పాలలో సగానికి దగ్గరగా కొవ్వే, ఇంచుమించు మీగడలాంటి పాలు. పైగా వాటిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. ఆవు పాలు పడితే పిల్లకి విరేచనాలు పట్టుకుని ఉన్న నీరు కూడా పోతుంది. పాలు మరవని పిల్లకి చేప పెట్టినా అరగదు.

మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందా? పిచ్చుక పిల్లను ముట్టుకుంటే తల్లి పొడిచేస్తుందని చిన్నప్పుడు మనకీ చెప్పేవారు కదా, అలాంటిదే ఇదీ. వాసన తగిలిందని సీల్ తల్లి పిల్లను వెలేయడం కాదు అసలు బెడద. అసలు బెడద మనమే. ఒడ్డున జనం ఉన్నంతసేపు అది రాదు.

దీనికి నేను చూసిన ఒక సాయంత్రం చెప్తాను. జూలై చివర, సెలవు రోజు. మేము వెళ్ళేసరికి పిల్ల చుట్టూ నలభై మంది దాకా ఉన్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పిల్లలు ముచ్చటగా చూస్తున్నారు, ఒకమ్మాయి సెల్ఫీకి వంగింది. "తల్లి ఎక్కడో చచ్చిపోయి ఉంటుంది, మధ్యాహ్నం నుంచి రాలేదు" అని ఒకాయన నాతో వాదించాడు. ఆయన చేతికి దుర్భిణి ఇచ్చి నీళ్ళకేసి చూపించాను. యాభై అరవై మీటర్ల అవతల నల్లటి గుండ్రటి తల ఒకటి, పైకి లేచి ఇటు చూసి మళ్ళీ మునుగుతోంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో. తాడు కట్టి, బోర్డులు పాతి, జనాన్ని వెనక్కి పంపడానికి గంటన్నర పట్టింది. చీకటి పడుతుండగా ఆ తల ఒడ్డుకి వచ్చింది. పిల్ల పాకుతూ వెళ్ళి పొట్టలో ముఖం పెట్టింది. ఇందాక వాదించినాయన నా పక్కనే చీకట్లో నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు, దుర్భిణి తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

అన్నీ అలా ముగియవు. ఇంకో ఏడాది ఒక కుటుంబం పిల్లను తువ్వాలులో చుట్టి కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున వాళ్ళే భయపడి ఫోన్ చేశారు. బొడ్డుతాడు ఇంకా ఊడలేదు, అంటే వారం రోజులదై ఉంటుంది. పునరావాస కేంద్రం డాక్టర్లు చేయగలిగింది చేశారు, నాలుగో రోజు పోయింది. తెచ్చిన చోటే తిరిగి వదిలేయొచ్చు కదా అని అడుగుతారు. రాత్రంతా వెతికి తల్లి వెళ్ళిపోయి ఉంటే? వెనక్కి పెట్టినా ఫలితం ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేని స్థితికి వచ్చేశాక అది డాక్టర్లు తేల్చాల్సిన విషయం.

ఇంట్లో పెంచుకుంటే ఏం అని అడిగేవాళ్ళకి హూవర్ కథ ఉంది. 1971లో, అమెరికా తూర్పు తీరంలో మెయిన్ రాష్ట్రపు చేపలవాళ్ళ ఇంట్లో ఒక అనాథ హార్బర్ సీల్ పిల్లను స్నానాల తొట్టిలో, తర్వాత ఇంటి దగ్గరి చెరువులో పెంచారు. వాక్యూమ్ క్లీనర్‌లా చేపలు లాగేస్తోందని దానికి హూవర్ అని పేరు. తిండి పెట్టలేక చివరికి బాస్టన్‌లోని న్యూ ఇంగ్లాండ్ అక్వేరియంకి ఇచ్చేశారు. కొన్నేళ్ళకి అది మనిషి గొంతుతో, బొంగురుగా "గెట్ ఔటా హియర్" అనడం మొదలెట్టింది. చూడటానికి జనం బారులు తీరారు. 1985లో చనిపోయింది. ముచ్చటైన కథే, కాదనను. కానీ మనిషి మాట నేర్చిన ఆ సీల్ మళ్ళీ సముద్రం ముఖం చూడలేదు. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక అలా ఇంట్లో పెట్టుకోవడం నేరం. వేల డాలర్ల జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. ముట్టుకోవడం, తిండి పెట్టడం, నీళ్ళలోకి తరమడం కూడా ఆ చట్టం కిందికే వస్తాయి.

చట్టం సరే, మీ చేతివేళ్ళ సంగతి కూడా చూసుకోండి. పిల్లే కదా అనుకుంటే పళ్ళు సూదుల్లా ఉంటాయి. సీల్ కరిస్తే వేలు వాచి కీలు బిగుసుకుపోయే ఇన్ఫెక్షన్ ఒకటి ఉంది, పేరే సీల్ ఫింగర్. పాతకాలంలో సీళ్ళను వేటాడే నావికులు దీనికి వేళ్ళు పోగొట్టుకునేవారు. ఇప్పుడు టెట్రాసైక్లిన్ రకం మందులతో తగ్గుతుంది, కానీ డాక్టరుకి "సీల్ కరిచింది" అని చెప్తేనే. సిగ్గుపడి దాచకండి.

2023 వేసవి చివర ఇంకో భయం తోడైంది. ఇదే ప్యూజెట్ సౌండ్‌లో, మారోస్టోన్ దీవి దగ్గర చనిపోయిన హార్బర్ సీళ్ళలో బర్డ్ ఫ్లూ తేలింది. అమెరికా పశ్చిమ తీరంలో సముద్ర క్షీరదాలకి అది సోకినట్టు తెలియడం అదే మొదటిసారి. అప్పటి నుంచి చచ్చిపడి ఉన్నవాటి దగ్గరికి కుక్కని అసలు పోనివ్వొద్దని మరీ మరీ చెప్తున్నాం.

ఇక సీలా, సీ లయనా? నేను పిల్లలకి చెప్పేది: నడిస్తే సీ లయన్, పాకితే సీల్. సీ లయన్ వెనక రెక్కల్ని పొట్ట కిందికి మడుచుకుని నాలుగు కాళ్ళ మీద లేచి నడుస్తుంది, మెట్లు కూడా ఎక్కేస్తుంది. సీల్‌కి ఆ మడత కుదరదు, గొంగళిపురుగులా పొట్ట మీద ఎగిరెగిరి పడుతూ జరుగుతుంది. సీ లయన్‌కి చిన్న చెవి డొప్ప బయటికి కనిపిస్తుంది, సీల్‌కి కన్నం మాత్రమే. ఈతలో సీ లయన్ ముందు రెక్కలతో తెడ్డు వేస్తుంది, సీల్ వెనక రెక్కలు ఊపుతుంది. కుక్కలా భౌభౌమనేది కాలిఫోర్నియా సీ లయన్. సింహంలా గుర్రుమనేది స్టెల్లర్ సీ లయన్, దీని మగది టన్ను దాకా తూగుతుంది. సర్కస్‌లో ముక్కు మీద బంతి తిప్పుతుందే, దాన్ని సీల్ అంటారు గానీ అది సీ లయనే. రెండు దంతాలు కిందికి దిగి ఉండే వాల్రస్ మూడో కుటుంబం. అది ఉత్తర ధ్రువం వైపు జీవి, సియాటెల్‌లో దాని కోసం చూడకండి.

మీరు చూసింది హార్బర్ సీల్ పిల్లేనని ఫోటో కూడా చూడకుండా ఎలా చెప్పానంటే, కాలిఫోర్నియా సీ లయన్లు పిల్లల్ని కనేది దక్షిణాన, కాలిఫోర్నియా దీవుల్లోనూ మెక్సికోలోనూ. మా వైపు చలికాలంలో వలస వచ్చేవి దాదాపు అన్నీ మగవే. హార్బర్ సీళ్ళు ఇక్కడి కాపురస్తులు. మహాసముద్రం వైపు తీరంలో ఏప్రిల్ నడుమ నుంచి కంటాయి, ప్యూజెట్ సౌండ్ లోపల జూన్ చివర మొదలై ఆగస్టు దాటేదాకా. ఆగస్టులో, సియాటెల్ ఒడ్డున, మీటరు లోపు పిల్ల అన్నారు కదా, ఇంకేం కావాలి.

మాటవరసకి ఒకటి. మొదటి ఏడాది ఫోన్లో మా నాయనమ్మకి సీల్ గురించి చెప్తే "నీటికుక్కా?" అంది. గోదావరి వైపు నీటికుక్క అంటే ఆటర్, కోరింగ మడ అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. సీల్‌కి మన భాషలో పాత పేరు లేదు, మన సముద్రంలో అది లేదు కనుక. కానీ మూతీ మీసం చూస్తే నాయనమ్మ మరీ తప్పేం చెప్పలేదనిపిస్తుంది.

ఒంటరిగా కనిపించి జనాన్ని కంగారుపెట్టేది పిల్లలు మాత్రమే కాదు. ఏనుగు సీళ్ళు ఏడాదికోసారి చర్మం పై పొరతో సహా జుట్టు వదిలేస్తాయి. ఒంటి నిండా పొలుసులు, కంట్లో పుసి, వారాల తరబడి ఒక్కచోటే పడి ఉంటాయి, తిండి కూడా ఉండదు. ఎవరు చూసినా చచ్చిపోతోందనే అనుకుంటారు. అవతల కెనడాలో విక్టోరియా ఊళ్ళో ఎమర్సన్ అనే ఏనుగు సీల్‌ది ఇదే తంతు. రోడ్ల పక్కన, పూలమొక్కల మధ్య దొర్లుతుంటే 2024 ఏప్రిల్‌లో అధికారులు వ్యాన్‌లో ఎక్కించి వాంకూవర్ దీవి పడమటి తీరంలో వదిలొచ్చారు. వారం తిరక్కుండానే 200 కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ తిరిగొచ్చి మళ్ళీ అక్కడే పడుకుంది. సీ లయన్లదీ ఇదే వరస. 1980లలో సియాటెల్‌లో, సముద్రానికీ సరస్సుకీ మధ్య పడవల్ని దాటించే గేట్లు, బల్లార్డ్ లాక్స్ దగ్గర, చేపలు పైకి ఎక్కడానికి కట్టిన మెట్ల కాలువ (చేపల నిచ్చెన) ఎక్కబోయే స్టీల్‌హెడ్ అనే సాల్మన్ జాతి చేపల్ని సీ లయన్లు కాపుకాసి తినేస్తుంటే జనం వాటన్నిటికీ కలిపి హెర్షెల్ అని పేరు పెట్టారు. టపాసులు పేల్చారు, పట్టి దక్షిణాన కాలిఫోర్నియాలో వదిలారు, తిరిగొచ్చేశాయి. 1996లో మూడింటిని ఫ్లోరిడాలోని సీవరల్డ్ అనే సముద్ర జంతువుల పార్కుకి పంపించాకే ఆ గొడవ కాస్త సద్దుమణిగింది. అప్పటికి స్టీల్‌హెడ్ మాత్రం దాదాపు అయిపోయింది.

ఫోన్ ఎప్పుడు చేయాలి? నన్నడిగితే, ఒంటరి పిల్ల కనిపిస్తే ఎప్పుడైనా చేయండి, తప్పుడు కాల్ అని ఎవరూ విసుక్కోరు. బీచ్ పేరు, దగ్గరి గుర్తు, దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫోటో ఉంటే చాలు. అర్జంటుగా చేయాల్సినవి వేరే ఉన్నాయి. రక్తం, మెడకి వల లేదా ప్లాస్టిక్ పట్టీ, నోటి నుంచి నురగ, కుక్క కరవడం, ఎవరో ఎత్తుకుపోబోవడం. ఇంకో గుర్తు చాలామందికి తెలియదు. హార్బర్ సీల్ పిల్ల తెల్లటి పొడుగు బొచ్చును తల్లి కడుపులో ఉండగానే రాల్చేస్తుంది. ఒడ్డున మెత్తటి తెల్ల బొచ్చుతో చిన్న పిల్ల కనిపిస్తే ముద్దొస్తుంది, కానీ నెలలు నిండకుండా పుట్టిందని అర్థం. మామూలు పిల్లనైతే ఒకటి రెండు రోజులు దూరం నుంచి గమనించాకే, తల్లి రావడం లేదని తేలితేనే కదిలిస్తారు. మీకు అది మరీ ఆలస్యంగా తోస్తుంది. మాకూ తోస్తుంది, రాత్రి నిద్ర పట్టదు. కానీ తల్లి పాలకి సాటి వచ్చే పాలు ఏ కేంద్రంలోనూ లేవు.

100 గజాలంటే మనకి వెంటనే ప్లాటు కొలతే గుర్తొస్తుంది, ఆ గజాలు కావు. క్రికెట్ పిచ్ 22 గజాలు. నాలుగున్నర పిచ్‌లు వరసగా పరిచారనుకోండి, అంత దూరం. సన్నటి బీచ్‌లో అంత జరగలేకపోతే వీలైనంత వెనక్కి, గొంతు తగ్గించి, పక్కగా వెళ్ళిపోండి. పిల్ల తలెత్తి మిమ్మల్నే చూస్తోందంటే దగ్గరైపోయారని లెక్క.

ఇప్పుడు మీరు అడగడానికి వెనకాడిన ప్రశ్న: ఆ పిల్ల బతికి ఉంటుందా? నిజం చెప్పాలి. హార్బర్ సీల్ పిల్లల్లో సగం దాకా మొదటి ఏడాది దాటవు. ఆకలి, జబ్బు, గద్దలు, కుక్కలు, ఇంకా ఓర్కాలు, అంటే డాల్ఫిన్ జాతిలో అన్నిటికన్నా పెద్దవైన నలుపు తెలుపు వేటగాళ్ళు. పాలు మరిపించే రోజు తల్లి మెల్లగా అలవాటు చేయదు, ఒకరోజు ఇక రాదు. ఒంట్లో కొవ్వు కరిగేలోపు పిల్ల రొయ్యా చేపా పట్టడం తనంతట తానే నేర్చుకోవాలి. ఆగస్టు చివర, సెప్టెంబరులో బక్కచిక్కి ఒడ్డున పడుకునేవి ఎక్కువగా ఇవే. కొన్ని నేర్చుకుంటాయి, కొన్ని నేర్చుకోలేవు.

మా వాలంటీర్లలోనే దీని మీద వాదనలున్నాయి. ప్రతి పిల్లనీ కాపాడాలనేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఎందుకో చెప్తాను. వాషింగ్టన్ రాష్ట్రంలో 1960 దాకా సీల్‌ని చంపితే డబ్బిచ్చేవారు, సాల్మన్ తినేస్తోందని. 1972 చట్టం వచ్చాక కోలుకుని, 1999 నాటికి 30 వేలు దాటాయి. ఇది తరిగిపోతున్న జాతి కాదు. ఈ సీళ్ళలాంటి సముద్ర క్షీరదాల్ని తిని బతికే ఓర్కాల గుంపులు వేరే ఉన్నాయి, బిగ్స్ ఓర్కాలంటారు. ఓర్కాల వీపు రెక్కల ఫోటోలతో ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టే పద్ధతి 1970లలో మొదలుపెట్టిన కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ పేరు పెట్టారు. చేపలు తినే రెసిడెంట్ ఓర్కాలు ఇవే నీళ్ళలో తిరుగుతాయి, కానీ ఈ రెండూ కలవవు, భాష కూడా వేరు. సాల్మన్ చాలక కృశించిపోతున్నవి ఈ చేపలు తినే రకంలో దక్షిణ రెసిడెంట్లనే గుంపు, ఇప్పుడు ఎనభై కూడా లేవు. సీల్ తినే రకం మాత్రం పెరుగుతోంది, తిండి ఉంది కనుక.

సీళ్ళ తెలివి ఇక్కడ చూడాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో నీళ్ళ కింద స్పీకర్ పెట్టి ఓర్కాల అరుపులు వినిపించి చూశారు, 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎప్పుడూ వినే చేపలు తినే గుంపు గొంతు వినిపిస్తే హార్బర్ సీళ్ళు పట్టించుకోలేదు. సీల్ తినే రకం గొంతు వినిపించగానే మాయం. ఎక్కడో దూరపు ఊరి చేపలు తినే ఓర్కా గొంతు, అంటే తెలియని యాస వినిపించినా మాయం. హాని చేయనివాళ్ళు ఎవరో నేర్చుకుని పెట్టుకున్నాయి, మిగతా అందరూ అనుమానితులే. అందుకే బిగ్స్ ఓర్కాలు వేటకి బయల్దేరినప్పుడు నోరు మూసుకుని వస్తాయి.

నాలుగేళ్ళ కిందట నేను తాడు కట్టి రెండు రోజులు కాపలా కాసిన పిల్ల మూడో రోజు ఆటు నీళ్ళతో వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే అరమైలు దూరంలో ఓర్కాలు దేన్నో తోకతో గాల్లోకి ఎగరేశాయి. అదేనో కాదో తెలిసే దారి లేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. కుక్క గొలుసు విప్పేసిన మనిషి వల్ల పిల్ల చావకూడదు, ఓర్కా వల్ల చస్తే అది నా పని కాదు. ఈ గీత నాకు నేను గీసుకున్నది. మీకు నచ్చకపోవచ్చు.

అమ్మానాన్నలకి ఎక్కడ చూపించాలన్నారు. పిల్లల కోసం బీచ్‌లు వెతకొద్దు. బల్లార్డ్ లాక్స్‌కి తీసుకెళ్ళండి. సాల్మన్ ఎక్కే రోజుల్లో గేట్ల దగ్గర హార్బర్ సీళ్ళు చేప కోసం కాపుకాస్తుంటాయి, పైనుంచి రెయిలింగ్ పట్టుకుని చూడొచ్చు, వాటికి మీ ఊసే పట్టదు. చేపల నిచ్చెన కిటికీ కూడా అక్కడే, మీ నాన్నగారికి అది ఇంకా నచ్చుతుంది. బాగా దగ్గరగా చూడాలంటే సియాటెల్ అక్వేరియంలో హార్బర్ సీళ్ళున్నాయి. ఫెర్రీ ఎక్కితే దారిలో ఓడలకి దారి చూపేందుకు నీళ్ళ మీద తేలే ఎర్ర, పచ్చ బోయాల మీద కన్నేసి ఉంచండి, మీది చలికాలపు ప్రయాణమైతే వాటి మీద సీ లయన్లు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతూ కనిపిస్తాయి. డెక్ మీద గాలి కోసేస్తుంది, అమ్మగారికి మంకీ క్యాప్ మర్చిపోకండి.